అందరినీ తీసుకెళ్లండి, అందరినీ ఒకే క్యూలో నిలబెట్టకండి

ప్రశ్న: మాది గాజువాక. వేసవి సెలవుల్లో మొదటిసారి ఇంటిల్లిపాదీ సింగపూర్ వెళ్లి యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు చూడాలని మావారి పట్టుదల. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు నాలుగు. అత్తగారికి 64 ఏళ్లు, షుగర్, మోకాళ్ల నొప్పులు. మామగారు బాగానే నడుస్తారు. అత్తగారేమో ‘నేనెందుకమ్మా, మీరు వెళ్లి రండి’ అంటున్నారు. మావారు ‘అమ్మ పదేళ్ల కిందట సింహాచలం గిరిప్రదక్షిణ చేసింది, ఇదెంత’ అంటారు. ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీలో దిగిన రోజే పార్కు పెట్టారు. డబ్బు చాలక నా గొలుసు తాకట్టు పెడదామంటున్నారు. అందరినీ చూసుకోవాల్సింది నేనే కదా అంటే ‘మావాళ్లు రావడం నీకిష్టం లేదు’ అని తేల్చేశారు. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ భయం అత్తమామలు వస్తారని కాదు, ఆరుగురి భారం మీ ఒక్కరి మీద పడుతుందని. మీవారికి అది అర్థం కావడం లేదు. ‘నా వల్ల కాదు’ అన్నప్పుడల్లా ఆయనకు ‘మీ అమ్మానాన్నలు వద్దు’ అన్నట్టే వినిపిస్తోంది. కాబట్టి వాదన ఆపి, ఒక కాగితం మీద పార్కు రోజు రాయండి. ఏ గంటకు ఎవరు ఎక్కడుంటారు, పాప చెయ్యి ఎవరు పట్టుకుంటారు, అత్తగారి మాత్రలు ఎవరి సంచిలో ఉంటాయి, ఇవన్నీ పేర్లతో సహా రాయండి. మీ పేరే పదిసార్లు కనబడితే ఆయనకే తెలుస్తుంది.

దానికంటే ముందు, ఇవాళే బాబును కొలవండి. చెప్పులు విప్పించి మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. తల మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, దాని అడుగు అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, టేపుతో కొలవండి. అక్కడ రైడ్లకు వయసు కాదు, ఎత్తే లెక్క. ఒకదానికొకటి ఎదురుగా దూసుకుపోయే జంట రోలర్ కోస్టర్ బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకు 125 సెంటీమీటర్లు ఉండాలి. చీకట్లో పరుగెత్తే మమ్మీ రైడ్‌కు 122, నీళ్లలో తెప్ప మీద తిప్పే జురాసిక్ పార్క్ రైడ్‌కు 107, ట్రాన్స్‌ఫార్మర్స్‌కు 102, కెనపీ ఫ్లయర్‌కు 92. ఎనిమిదేళ్ల పిల్లలు చాలామంది 120 నుంచి 128 మధ్యలో ఉంటారు కాబట్టి మీ బాబు సరిగ్గా గీత దగ్గరే ఆగవచ్చు. రైడ్ ముందు కొలబద్ద దగ్గర ఉన్న ఉద్యోగి ఒక్క సెంటీమీటరు తగ్గినా పంపరు, బతిమాలినా లాభం లేదు. అంతసేపు క్యూలో నిలబడ్డాక వెనక్కి పంపితే పిల్లాడి ఏడుపు, తండ్రి కోపం, రెండూ మీ మీదికే వస్తాయి. ఏవి ఎక్కగలడో, ఏవి ఎక్కలేడో వాళ్ల నాన్న నోటితోనే ఇప్పుడే చెప్పించండి. పాపకు బహుశా 92 సెంటీమీటర్ల రైడ్లే దక్కుతాయి. టికెట్లు కొనే రోజు ఈ కొలతలు పార్కు వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

ఇక దిగిన రోజే పార్కు అనే సంగతి. ఆ ప్యాకేజీని ఒప్పుకోకండి. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ సంస్థ విమానం నేరుగా ఉంది, సుమారు నాలుగు గంటలు. రాత్రి పొద్దుపోయి ఎక్కి తెల్లవారుజామున దిగుతారు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అంటే అక్కడ ఉదయం ఆరైతే మీ ఒంటికి ఇంకా మూడున్నర, ఆ రాత్రి నిద్ర చెడినట్టే. హోటల్ గది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ ఇవ్వరు. నిద్రలేని నాలుగేళ్ల పాపతో, షుగర్ ఉన్న అత్తగారితో ఎండలో తిరిగితే మధ్యాహ్నానికల్లా గొడవ ఖాయం. దిగిన రోజు సామాను హోటల్లో పడేసి, టిఫిన్ చేసి, గది దొరకగానే పడుకోండి. సాయంత్రం గార్డెన్స్ బై ద బేలో దీపాల చెట్ల కింద కూర్చోండి, ఆ తోటకు టికెట్ లేదు. పార్కు రెండో రోజో మూడో రోజో, అదీ మంగళ, బుధ, గురువారాల్లో పెట్టుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి తప్పకుండా చూడాల్సింది సింగపూర్ బడుల సెలవులు. మే చివరి వారం నుంచి జూన్ అంతా వాళ్లకు సెలవులే. మన పిల్లలకు ఏప్రిల్ చివరిలోనే బడి మూసేస్తారు కాబట్టి మే మొదటి మూడు వారాలు మీకు అనుకూలం. మే 1 మాత్రం అక్కడా సెలవు, ఆ చుట్టుపక్కల వద్దు.

అత్తగారి గురించి మీవారు చెప్పిన గిరిప్రదక్షిణ లెక్క పనికిరాదు. అది 32 కిలోమీటర్లే కావచ్చు, కానీ ఆవిడ భక్తితో, తన నడకన, తోచినచోట కూర్చుంటూ చేసింది, అదీ పదేళ్ల కిందట. పార్కులో నడక కన్నా నిలబడటం ఎక్కువ, మోకాళ్లకు నిలబడటమే చేటు. మీవారికి మాటలతో చెప్పకండి, ఒక ఆదివారం అందరూ కలిసి మన జూపార్కుకు వెళ్లండి. లోపలి వాహనం ఎక్కకుండా మూడు గంటలు తిరగండి. ఆవిడ ఎంతసేపటికి కూర్చున్నారో, పాప ఎప్పుడు ఎత్తుకోమందో, ఎవరు ఎత్తుకున్నారో ఆయనే చూస్తారు. ఊళ్లోనే, కొద్ది ఖర్చుతో తేలిపోతుంది.

పార్కు రోజు అత్తమామలను లోపలికి తీసుకెళ్లాల్సిన పనే లేదు. పార్కు టికెట్టేమీ చవక కాదు. రెండు టికెట్లు కొని వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి సంచులు అప్పగించడం న్యాయం కాదు. పక్కనే, పార్కు ఉన్న రిసార్ట్స్ వరల్డ్ ప్రాంగణంలోనే చేపల్ని చూసే ఓషనేరియం ఉంది. చల్లగా ఉంటుంది, మెట్లు ఎక్కే బాధ లేదు, చక్రాల కుర్చీలో కూడా తిరగవచ్చు. లేదంటే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. మామగారు ఫోన్ పట్టుకుని తోడుంటారు, అక్కడ పనిచేసే సిమ్ ఆయన ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఉండాలి. సాయంత్రం ఐదున్నరకు పార్కు గేటు బయట తిరుగుతుండే పెద్ద గ్లోబు దగ్గర కలుసుకోండి. అక్కడ ఫొటో దిగడానికి టికెట్ అక్కర్లేదు, ఆరుగురూ ఉన్న ఫొటో అక్కడే తీసుకోండి.

బస లిటిల్ ఇండియాలో అయితే ఇడ్లీ, పెరుగన్నం దొరుకుతాయి. మెట్రో ఊదా రంగు లైన్లో మారకుండా హార్బర్‌ఫ్రంట్ చేరి, అక్కడి వివోసిటీ మాల్ మూడో అంతస్తులో, పార్కు ఉన్న సెంటోసా దీవికి వెళ్లే రైలు సెంటోసా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. గేటు తీయడానికి అరగంట ముందే చేరండి. మొదటి గంటలో ట్రాన్స్‌ఫార్మర్స్, ఆ తర్వాత భోజనానికి ముందే జురాసిక్ తెప్ప. అందులో లోపలి బట్టలతో సహా తడుస్తారు. తడి బట్టలతో ఏసీ హాల్లో కూర్చుంటే పిల్లలు వణికిపోతారు, ఒక్కొక్కరికి ఒక జత, రెయిన్‌కోట్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. గంట పట్టవచ్చు, ఆ టైమును భోజనానికి, లోపలి షోలకు వాడుకోండి. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు వంతులవారీగా ఎక్కే సదుపాయం ఉంది. క్యూ మొదట్లోనే ఉద్యోగికి చెబితే ఒకరు పాపతో ఉండి, రెండోవారు దిగాక మళ్లీ పెద్ద క్యూ కట్టకుండా ఎక్కవచ్చు. మీరూ ఎక్కాలి సుమా. మీ వంతు మీవారు పాపను పట్టుకుంటారని ఆ కాగితం మీద రాయించండి.

మందుల దగ్గర జాగ్రత్త. అత్తగారి షుగర్ మందులు, ఇన్సులిన్ ఉంటే అది కూడా డాక్టర్ చీటీతో చేతిసంచిలోనే ఉండాలి. నిద్రమాత్రలకు, కోడీన్ ఉన్న దగ్గు మందుకు సింగపూర్‌లో ముందస్తు అనుమతి కావాలి, లేకపోతే తీసుకెళ్లకండి. కోడి, మాంసం పచ్చళ్లు వద్దు, చూయింగ్ గమ్ కూడా వద్దు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని కనీసం రెండు రోజుల ముందే ఎయిర్‌లైన్స్‌కు చెప్పండి. స్కూట్‌లో తక్కువ ధర టికెట్టుకు పెద్ద సామాను, భోజనం కలిసి ఉండవు, ఏజెంటు చెప్పిన ధరలో ఏమున్నాయో అడగండి.

టికెట్ల కన్నా ముందు పాస్‌పోర్టులు. మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయంలో పిల్లల అర్జీకి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో టికెట్టు మీదా అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగలాలి. వీసా ఏజెంటు ద్వారానే. అరైవల్ కార్డు మాత్రం చేరడానికి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో మీరే నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైటు ఏదైనా నకిలీయే అనుకోండి.

గొలుసు తాకట్టు మాత్రం వద్దని మీవారికి గట్టిగానే చెప్పండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను కూడా వసూలు చేస్తారు. రిటర్నులో సర్దుబాటైనా, ముందు మీ చేతి నుంచే పోతుంది. ఇప్పుడు డబ్బు చాలకపోతే నెలనెలా రికరింగ్ డిపాజిట్ కట్టి దసరా సెలవులకు వెళ్లండి, అప్పుడు అక్కడి పిల్లలకు బడి ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ జరిగే ఫార్ములా వన్ కార్ల రేసు తేదీలు చూసుకోండి, ఆ వారం హోటళ్లు మండిపోతాయి. ఆ రోజుల్లోనే పార్కులో హాలోవీన్ రాత్రులని దెయ్యాల షోలు ఉంటాయి. అలాంటి రోజు పగటి టికెట్టువాళ్లను పెందలాడే పంపించేస్తారు, ఆ తేదీలు తప్పించండి.

చివరగా అత్తగారు. ‘వస్తారా?’ అని అడిగితే ఆవిడ ‘వద్దమ్మా’ అనే అంటారు, ఎవరికీ బరువు కాకూడదని. మీవారితోనే అడిగించండి: “అమ్మా, పార్కు రోజు నువ్వూ నాన్నా పెరుమాళ్ గుడికి వెళ్తారా, చేపల్ని చూస్తారా?” ఆవిడ ముఖం వెలిగితే రెండో గది బుక్ చేయండి. అప్పటికీ వద్దంటే ఆ మాట మన్నించండి, కానీ మీరు ఊళ్లో లేనన్ని రోజులూ ఆవిడ దగ్గర ఎవరుంటారో, షుగర్ ఎవరు చూస్తారో తేల్చుకున్నాకే టికెట్లకు డబ్బు కట్టండి.