పాఠకుల ప్రశ్నలు: కార్ల్ ష్రాంజ్ చేసిన తప్పేమిటి?

ప్రశ్న: 1972 సపోరో శీతాకాల ఒలింపిక్స్ మొదలవబోతుండగా ఆస్ట్రియా స్కీ వీరుడు కార్ల్ ష్రాంజ్‌ను పోటీల నుంచి తప్పించారట. డబ్బు తీసుకోవడమే కారణమైతే, మిగతావాళ్లు తీసుకోలేదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తీసుకున్నారమ్మా. ఆట ద్వారా డబ్బు సంపాదించనివారికే ఒలింపిక్స్‌లో చోటు అన్నది అప్పటి నియమం. ఆ రోజుల్లో పేరున్న స్కీ రేసర్లలో కంపెనీల సొమ్ము ముట్టనివారు అరుదు. రేసు ముగియగానే స్కీలు (మంచు మీద జారేందుకు కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు) విప్పి, వాటి మీది కంపెనీ పేరు కెమెరాలకు కనబడేలా నిలబెట్టుకునేవారు. 1968 గ్రెనోబుల్ క్రీడల్లోనే దీని మీద పెద్ద రగడ జరిగింది. అయినా అక్కడ మూడు స్వర్ణాలు గెలిచిన ఫ్రాన్స్ వీరుడు జాన్ క్లాడ్ కిల్లీ పతకాలు ఆయన దగ్గరే ఉన్నాయి.

ష్రాంజ్ 1969, 1970లలో ప్రపంచ కప్ విజేత. 1972 జనవరిలో, ముప్పై మూడేళ్ల వయసులో, ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో రెండు డౌన్‌హిల్ (కొండ వాలు మీంచి అతి వేగంగా దిగే) రేసులూ గెలిచి మంచి ఊపు మీద సపోరో చేరాడు. ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే అతనికి దక్కలేదు. ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఓటింగ్ పెట్టింది: బహిష్కరించాలని 28, వద్దని 14. చూపిన సాక్ష్యం ఏమిటనుకున్నారు? ఒక ఫుట్‌బాల్ ఆటలో కాఫీ కంపెనీ పేరున్న చొక్కా వేసుకున్న ఫొటో! అతని వాదన వినడానికి కూడా ఒప్పుకోలేదు.

దీని వెనుక ఉన్నది కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్. షికాగోలో నిర్మాణ వ్యాపారంతో కోట్లు గడించిన ఆ పెద్దమనిషికి ఆట కోసం డబ్బు తీసుకోవడం పాపంగా కనిపించింది. ఆస్ట్రియాలోని సెంట్ ఆంటోన్‌లో పేద ఇంట్లో పుట్టి, ఏడాది పొడుగునా మంచు మీద గడపాల్సిన ష్రాంజ్ ఏం తిని బతకాలి? సోవియట్ హాకీ ఆటగాళ్లు సైన్యం జీతాలతో ఆడుతుంటే ఈ నియమం ఏమైంది? అందరికీ వర్తించని నియమంతో ఒక్కడినే బలిచేయడం ముమ్మాటికీ అన్యాయమని నా అభిప్రాయం.

ఆస్ట్రియా జట్టు మొత్తం తిరిగొచ్చేస్తామంది. వద్దు, ఉండి ఆడండని చెప్పింది ష్రాంజే. వియన్నాలో దిగిన అతనికి వీధులు పట్టనంత జనం స్వాగతం పలికారు. ప్రభుత్వాధినేత, ఛాన్సలర్ బ్రూనో క్రైస్కీ స్వయంగా ఆహ్వానించారు. సపోరోలో డౌన్‌హిల్ స్వర్ణం స్విట్జర్లాండ్ రేసర్ బెర్న్‌హార్డ్ రుస్సీకి దక్కింది. ష్రాంజ్ ఆ ఏడాదే రేసులు మానేశాడు.

రెండేళ్లకు, 1974లో, కమిటీ నిబంధనలు సడలించింది. అయినా పట్టు పూర్తిగా వదల్లేదు: 1980లో రెండు స్వర్ణాలు గెలిచిన స్వీడన్ వీరుడు ఇంగెమార్ స్టెన్‌మార్క్‌ను 1984 సరాయెవో క్రీడలకు రానివ్వలేదు. ష్రాంజ్‌కు 1988లో కమిటీ ఒక పతకం ఇచ్చింది, సపోరోలో పాల్గొన్నందుకు గుర్తుగా.