తొడల దగ్గర వేలాడే చర్మానికి ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మా, మాది రాయగడ. వయసు 36. రెండేళ్ల కిందట విశాఖలో బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుని 40 కిలోలు తగ్గాను. ఇప్పుడు తొడల లోపలివైపు చర్మం సంచుల్లా వేలాడుతోంది, నాలుగడుగులు వేస్తే ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. రోజూ వాకింగ్ చేస్తున్నా తగ్గట్లేదు. థై లిఫ్ట్ చేయించుకుందామంటే, ఈ వయసులో అందం పిచ్చేమిటని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ముందు ఆ మాట పక్కన పెట్టమ్మా. నడవలేకపోవడం, పుండ్లు పడటం అందం సంగతి కాదు. వాకింగ్‌తో కండ బిగుస్తుంది, కొవ్వు తగ్గుతుంది, అంతేగానీ ఏళ్ల తరబడి సాగిన చర్మం అంతగా వెనక్కి రాదు, నువ్వు సరిగ్గా చేయకపోవడం వల్ల కాదు. క్రీములకు డబ్బు తగలేయకు.

థై లిఫ్ట్‌లో మిగిలిపోయిన చర్మాన్ని కోసి తీసేసి, ఉన్నదాన్ని బిగించి కుడతారు. వదులు కొద్దిగా, పైభాగంలోనే ఉంటే గజ్జల మడతలో కోత సరిపోతుంది. నీలా బాగా బరువు తగ్గినవాళ్లకు చాలాసార్లు గజ్జల నుంచి మోకాలి దాకా నిలువుగా కోయాల్సి వస్తుంది. ఆ మచ్చ పలచబడటానికి ఏడాది పైనే పడుతుంది, పూర్తిగా పోదు. మచ్చ ఉన్నా ఫర్వాలేదు, హాయిగా నడిస్తే చాలనుకుంటేనే ముందుకు వెళ్లు.

బరువు కనీసం 6 నెలలుగా నిలకడగా ఉందా? నువ్వు రాయలేదు. ఇంకా తగ్గుతుంటే, లేదా పిల్లల ఆలోచన ఉంటే ఆగు. బేరియాట్రిక్ తర్వాత ప్రొటీన్, ఐరన్, బి12 తగ్గిపోతుంటాయి, రక్తహీనత ఉంటే గాయం మానదు, కాబట్టి ఆ పరీక్షలు ముందే చేయించుకో. షుగర్ ఉన్నా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా సర్జన్‌కు చెప్పాలి. ఆ సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే ఆ స్పెషలిస్టు డిగ్రీ, ఉందో లేదో అడుగు, అడగడానికి మొహమాటం వద్దు.

గజ్జల్లో తడి, చెమట ఎక్కువ, అందుకే అక్కడ కుట్లు కొంచెం విడిపోవడం, నీరు చేరడం, ఇన్ఫెక్షన్ రావడం మామూలుగా చూస్తుంటాం. ఇక మన ఇళ్లలో ఎవరూ ముందు ఆలోచించనిది బాత్రూమ్. కుట్లు మానేదాకా గొంతుక్కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు. ఇంట్లో ఇండియన్ టాయ్‌లెట్ ఒక్కటే ఉంటే ఆపరేషన్‌కు ముందే కమోడ్ కుర్చీ తెచ్చుకో. తొడలను ఒత్తి పట్టి ఉంచే బిగుతు గార్మెంట్ (తొడుగు) కొన్ని వారాలు వేసుకోవాలి కాబట్టి ఎండాకాలం కాకుండా చూసుకుంటే మంచిది. డిశ్చార్జి అయిన రోజే రైలెక్కి రాయగడ వచ్చేయకు, మొదటి చెకప్ అయ్యేదాకా విశాఖలో చుట్టాల ఇంట్లో ఉండు, కానీ మంచానికి అతుక్కుపోకుండా మొదటి రోజు నుంచే నెమ్మదిగా నడువు. కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డ కట్టిందేమో, మర్నాటి దాకా ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపో.

ఇది కాస్మెటిక్ ఆపరేషన్ కింద లెక్కేసి ఇన్సూరెన్స్ కంపెనీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. గదికి, మత్తుకు, గార్మెంట్‌కు, తర్వాతి డ్రెస్సింగులకు కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకో.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కోత లేకుండా లైపోసక్షన్‌తో సరిపోదా?

జవాబు: లైపోసక్షన్ తీసేది కొవ్వునే. చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే ఎక్కువైతే బాగుంటుంది. చర్మం ఇప్పటికే వదులుగా ఉంటే కొవ్వు తీశాక ఇంకా జారుతుంది. కొందరికి రెండూ కలిపి చేస్తారు, అది చేత్తో పట్టి చూసిన సర్జనే చెప్పాలి.