మహబూబ్‌నగర్ స్టేషన్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మన మహబూబ్‌నగర్ రైల్వే స్టేషన్ చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలు తీసెయ్యి. నిజాం పాలన, 1916 నాటి కాచిగూడ భవనం, రైల్వేల విలీనం ఎవరైనా చెప్పగలరు. వాటిలో మన ప్లాట్‌ఫారం మీద మూట పక్కన కూర్చున్న మనిషి లేడు.

వనపర్తి రోడ్ గురించి రాసిన చోట మాత్రం ఆ మనిషి ఉన్నాడు. స్టేషన్ ఉన్నది మదనాపురంలో, పేరు వనపర్తిది. అక్కడ దిగి, ఊరు ఇంకా ఎంత దూరమని అడిగే ప్రయాణికుణ్ణి చక్కగా పట్టుకున్నావు.

ఇక నన్ను బాధపెట్టిన వాక్యం. “1956లో ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణ మధ్య రైల్వే లైనులో జరిగిన ప్రమాదానికి బాధ్యత వహించి లాల్ బహదూర్ శాస్త్రి పదవి వదిలారు” అని రాశావు. జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలింది సెప్టెంబరు 2న. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది నవంబరు 1న. ఆ రాత్రి మనం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం, మన లైను మధ్య రైల్వేలో ఉంది. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబరు 2న. రైల్వే మంత్రిగా ఉన్న శాస్త్రి గారు మన వంతెన కూలినప్పుడు రాజీనామా ఇచ్చిన మాట నిజమే కానీ నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర మరో ప్రమాదం జరిగాకే ఆయన పదవి వదిలారు.

ఈ తప్పులు పది నిమిషాల్లో దిద్దుకోవచ్చు. అసలు నొప్పి వేరే చోట ఉంది. వందకు పైగా ప్రాణాలు పోయిన రాత్రి, నీ వ్యాసంలో ఒక మంత్రి గొప్పతనానికి ముందుమాట అయింది. ఏళ్లుగా అందరం అలాగే రాస్తున్నాం. నేనూ రాశాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. కబురు స్టేషన్‌కు ఎలా చేరింది, తెల్లవారేసరికి అక్కడ ఎవరెవరు నిలబడ్డారు, ఎవరి కోసం? నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి.

గేజ్ మార్పిడిని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగు. 1990ల దాకా మనది మీటర్ గేజ్, పట్టాల మధ్య సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. బ్రాడ్ గేజ్‌కు 1,676. ఆ తేడా వల్ల కాజీపేట వైపు వెళ్లాలంటే సికింద్రాబాద్‌లో దిగి, ట్రంకు పెట్టె నెత్తికెత్తుకుని మరో రైలు ఎక్కాలి. సరుకైతే హమాలీలు ఒక వ్యాగన్ నుంచి దించి మరో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. మిల్లీమీటర్లు రాసిన చోటే ఆ బస్తాలూ కనబడాలి.

2023లో వచ్చిన జంట లైను, కరెంటు రైళ్లు, వందే భారత్ ఒక పేరాలో చెప్పు, చాలు.

ఈ నెలలోనే జడ్చర్ల వైపు రైలు కట్ట పక్క ఊళ్లకు వెళ్లు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉంటారు. వెళ్లగానే ప్రమాదం మాట ఎత్తకు. ఆ ఏటి వానల గురించి, ఏ వాగు పొంగింది, ఏ చెరువు తెగింది అని అడుగు. రైలు మాట వాళ్లే తెస్తారు. అప్పుడు మధ్యలో మాట్లాడకు. వాళ్లన్న మాటలు అన్నట్టే రాసుకుని, ముందు అవి నాకు పంపు.

ఉంటాను,
మీ సారు