పర్లాకిమిడి నుంచి వ్యవసాయ కళాశాలకు: చదివినవాడిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అబ్బాయి ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్సు ముగించి, ఇంజినీరింగ్ వద్దు, వ్యవసాయ కళాశాలలోనే చేరతానని పట్టుబట్టాడు. అతణ్ణి భువనేశ్వర్ పంపాలా, సరిహద్దు దాటించి శ్రీకాకుళం దగ్గరి నైర వ్యవసాయ కళాశాలకు పంపాలా, లేక ఏదైనా ప్రైవేటు కళాశాలలో చేర్చాలా అన్నది మీ సందేహం. "డిగ్రీ చదివి మళ్ళీ నాగలి పట్టడానికేనా?" అని మీ బావగారు అన్న మాట కూడా మీ మనసులో మెదులుతున్నట్టుంది. మాది కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకుని, భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయంలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తిచేసి, ఇప్పుడు మా ఆరెకరాల్లో వరి విత్తనం పండిస్తున్నాను. కాబట్టి నాకు తెలిసిన మేరకే చెబుతాను.

ముందుగా రాష్ట్రం సంగతి తేల్చుకోండి, కళాశాల సంగతి తరువాత చూడవచ్చు. ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు, 1936 ఏప్రిల్ 1న గీసిన గీత మన పెళ్ళిళ్ళకు, సంతలకు అడ్డం రాలేదు గాని, సీట్ల దగ్గర మాత్రం గట్టిగానే అడ్డం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్థానికతను ప్రధానంగా అభ్యర్థి ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు కనుక, సరిహద్దుకు అవతలి పాతపట్నంలో మీకు ఎంతమంది చుట్టాలున్నా, పర్లాకిమిడిలో చదివిన పిల్లవాడు అక్కడ స్థానికుడు కాడు. వేరే రాష్ట్రపు ప్రభుత్వ కళాశాలకు వెళ్ళాలంటే సరైన దారి, భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే అందరూ ఐకార్ అనే సంస్థ, తన వాటాగా ఉంచుకునే 20 శాతం సీట్లు. వాటిని ఇప్పుడు సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష మార్కుల ఆధారంగా భర్తీ చేస్తున్నారు. అబ్బాయి ఆ పరీక్ష రాయకపోయి ఉంటే, ఈ ఏటికి నైర ఆలోచన పక్కన పెట్టి భువనేశ్వర్ విశ్వవిద్యాలయం సీట్ల మీద దృష్టి పెట్టడం మేలు. 1962లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి భువనేశ్వర్‌లోనే కాక చిపిలిమలోను, భవానీపట్నంలోను కూడా వ్యవసాయ కళాశాలలున్నాయి. చేపల పెంపకం మీద ఆసక్తి ఉంటే బరంపురం పక్కన రంగైలుండలో మత్స్య కళాశాల ఉంది. అది మనకు భువనేశ్వర్ కంటే దగ్గర.

ఇక చదువు ఎలా ఉంటుందన్నది చెప్పాలి, ఎందుకంటే మీ బావగారి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. భూసార శాస్త్రం, సస్య శాస్త్రం, కీటక శాస్త్రం, తెగుళ్ళు, ఉద్యానం, వ్యవసాయ ఆర్థికం, విస్తరణ, ఇలా పేర్లు చెబితే బరువుగానే ఉంటాయి గాని, నాలుగేళ్ళలో నాకు మిగిలినదంతా చేతులతో నేర్చుకున్నదే. చిటికెడు మట్టిని నీళ్ళతో తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీసి, అది ఎంత పొడవున తెగిందో చూసి ఇసుక ఎంత, బంక ఎంత అని చెప్పమనేవారు. మా నాన్నగారు నాగటి చాలును చూసి చెప్పే మాటనే నేను వేళ్ళతో చెప్పడం నేర్చుకున్నానని అప్పుడు తోచింది. వరిలో సంకరం చేయడం మరింత ఓపిక పరీక్షించే పని. సాయంత్రం పూట వెన్నును ఎంచుకుని, అప్పటికే విచ్చుకున్న పూలనూ మరీ లేతవాటినీ కత్తిరించేసి, మిగిలిన ఒక్కొక్క పువ్వు కొసను మూడో వంతు ఏటవాలుగా కోసి, లోపలి ఆరు కేసరాలనూ చిన్న పట్టకారుతో ఒక్కటీ విడవకుండా తీసి, కాగితపు సంచి తొడిగి, మరునాటి పొద్దున మరో రకం పుప్పొడిని దాని మీద దులపాలి. నేను మొదటిసారి ముప్పై పూలకు చేస్తే నాలుగు గింజలు పట్టాయి. మా ఆచార్యులు ఆ నాలుగింటినీ అరచేతిలో వేసుకుని, "ఇవి నీ పిల్లలు, పారేసుకోకు" అన్నారు.

మా రోజుల్లో ఏడో సెమిస్టరులో విద్యార్థులను పల్లెలో ఉంచి రైతుల మధ్య పని చేయించేవారు. ఎనిమిదో సెమిస్టరులో పుట్టగొడుగులో, తేనెటీగలో, విత్తనోత్పత్తో ఒకటి ఎంచుకుని సొంతంగా నడపాల్సి ఉండేది. ఆ పల్లె కాలంలోనే నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. ఒక రైతు తన అయిదు గుంఠల మడికి యూరియా ఎంత వేయాలని అడిగారు. నేను అంతకుముందు తెలుగు వ్యవసాయ పత్రికల్లో చదివిన గుంట లెక్కే తలలో పెట్టుకుని, ఎకరానికి 40 గుంటలని గుణించి చెప్పాను. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలే. హెక్టారుకు 80 కిలోల నత్రజని అనుకుని, అదంతా యూరియా రూపంలోనే వేస్తే, ఆ మడికి మూడు దఫాల్లో కలిపి సుమారు 14 కిలోలు పడాలి. నా లెక్కలో 9 కిలోల లోపే తేలింది. పిలకలు వేసే వేళకు పక్క మడి ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతుంటే, ఈ మడి గట్టు దగ్గర నుంచే లేత పసుపుగా కనిపించింది. ఆయన కోప్పడలేదు. "బాబూ, మీ పుస్తకంలో గుంఠ మా గుంఠ కంటే చిన్నదా?" అని ఒడియాలో అడిగారు. మలి దఫాలో సరిచేశాం గాని, ఆ మాట నాకు ఏ పరీక్షలోనూ తగలని దెబ్బ. మీ అబ్బాయి సరిహద్దుకు ఇటు చదివినా అటు చదివినా, ఎకరాలు, సెంట్లు, గుంఠలు ఎక్కడ ఎలా మారతాయో మొదటి నెలలోనే రాసిపెట్టుకోమనండి.

అందుకే కళాశాలను ఎంచుకునేటప్పుడు నేను మొదట చూడమనేది దాని పొలాన్ని. నా మేనల్లుడు ఒక ప్రైవేటు కళాశాలలో చేరాడు. పేరు అనవసరం. భవనం అద్దాలతో మెరిసిపోయేది. పొలం మాత్రం పక్క ఊరి రైతు దగ్గర కౌలుకు తీసుకున్నది, తనిఖీకి వచ్చే రోజుల్లో తప్ప విద్యార్థులు అందులో కాలు పెట్టేవారు కాదు. మూడో ఏడు వచ్చేసరికి అతను వరిలో ఊద అనే కలుపును చూసి వరి మొక్కేనన్నాడు. అన్ని ప్రైవేటు కళాశాలలూ అలాంటివని నేననను. శ్రద్ధగా పంటలు వేయించేవి కూడా ఉన్నాయి. అయితే ఐకార్ గుర్తింపు ఉందా లేదా అన్నది మాత్రం నోటిమాటతో నమ్మవద్దు, గుర్తింపు పత్రం, దాని కాలపరిమితి మీ కళ్ళతో చూడండి. గుర్తింపు లేని ప్రైవేటు కళాశాలలో చదివితే ఐకార్ ద్వారా పీజీ సీటుకు దారి మూసుకుపోతుంది, ఆ సంగతి మా వాడికి నాలుగో ఏట తెలిసింది.

భాష విషయం కూడా ముందే ఆలోచించాలి, మన వాళ్ళు దీన్ని తేలికగా తీసుకుంటారు. పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి గాని, పల్లెలో మాట్లాడవలసింది ఒడియా, కొండ మీదికి వెళితే సవర. ఒడిశా ప్రభుత్వ వ్యవసాయ శాఖలో ఉద్యోగం కోరేవాడు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చినట్టు చూపించాలి, అంటే మామూలుగా బడిలో ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణుడై ఉండాలి. మీ అబ్బాయి తెలుగు మాధ్యమంలో చదివి ఉంటే ఆ ధ్రువపత్రం ఉందో లేదో ఇప్పుడే వెతకండి. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం సంగతీ అంతే, కౌన్సెలింగు రోజుల్లో ఆ వరుస చాలా పొడవుగా ఉంటుంది.

మీ బావగారి మాటకు వస్తే, నేను నాగలి పట్టిన మాట నిజమే, అద్దె ట్రాక్టరు అనుకోండి. మా పొలంలో నేను పండించేది స్వర్ణ సబ్-1 విత్తనం. స్వర్ణ పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టి 1982లో విడుదలైన రకం. దానికి ముంపును తట్టుకునే గుణం ఒడిశాలోని ధలపుటియా అనే నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ ద్వారా వచ్చింది, ఆ కొత్త రూపం మన దేశంలో 2009లో విడుదలైంది. వంశధార పొంగి పదిరోజులు మడిలో నీళ్ళు నిలిచినా మళ్ళీ చిగురిస్తుంది. మామూలు ధాన్యం కంటే విత్తనానికి ధర ఎక్కువ, కాని పూత దశలోను, కోతకు ముందూ మడిలోకి దిగి కేళీలు, అంటే వేరే రకపు మొక్కలు, ఒక్కొక్కటే ఏరివేయాలి, అలాంటి బెరుకు వెన్ను ఒక్కటి మిగిలినా తనిఖీకి వచ్చినవారు తిరస్కరించవచ్చు. ఆ చూపు నాకు కళాశాల ఇచ్చింది, ఓపిక మా అమ్మ ఇచ్చింది.

దరఖాస్తు పెట్టేముందు అబ్బాయిని ఒకసారి వెంటబెట్టుకుని మా ఊరు తీసుకురండి. జూలై రెండో వారానికి మా ఆకుమడి ఆకుతీతకు వస్తుంది, ఉభాలు, అంటే నాట్లు, మొదలవుతాయి. పొద్దున ఆరింటికల్లా వస్తే అతనికీ ఒక వరుస ఇస్తాను.