బిరుదుకు దాయాది ఎవరు?

సందేహం: ఇంగ్లండులో హాంప్‌షైర్ ప్రాంతానికి చెందిన టిచ్‌బోర్న్ కుటుంబం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. "1845లో సర్ హెన్రీ చనిపోగా బేరొనెట్ బిరుదు ఆయన దాయాది ఎడ్వర్డుకు వంశపారంపర్య వారసత్వంగా సంక్రమించింది" అని రాశాను. ఎడ్వర్డు హెన్రీకి సొంత తమ్ముడు. బిరుదు సంపాదించుకునేదే గాని సంక్రమించేది కాదనీ, తమ్ముణ్ణి దాయాది అనరాదనీ నా మిత్రురాలు అంటున్నది. మరొక సంగతి: కొడుకు వారసుడైనప్పుడు ఒక మాట (heir apparent), కొడుకు లేక మరొకరు వరుసలో నిలిచినప్పుడు ఇంకొక మాట (heir presumptive) ఇంగ్లీషులో ఉన్నాయి. వీటికి 'స్పష్ట వారసుడు', 'ఊహాత్మక వారసుడు' అనే అనువాదాలు కనబడుతున్నాయి. ఇవి వాడవచ్చునా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మిత్రురాలి మొదటి అభ్యంతరంలో సగం న్యాయం ఉంది. రెండవదానికి నేటి వాడుక అండగా ఉన్నది గాని మాట పుట్టుక అండగా లేదు. అయితే వారు పట్టుకోని దోషం ఒకటి మీ వాక్యంలో ఉంది. 'వంశపారంపర్య వారసత్వంగా సంక్రమించింది' అన్నప్పుడు ఒక్క పనికి ముగ్గురు కూలీలను పెట్టారు. వంశపారంపర్యంగా వచ్చింది అన్నా, వారసత్వంగా వచ్చింది అన్నా, సంక్రమించింది అని ఊరుకున్నా సరిపోయేది. సంక్రమించేవి రోగాలే అనుకునేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఏటా మకర సంక్రమణం చేసే సూర్యుడికి ఏ రోగమూ లేదు కనుక ఆ మాటను నిస్సంకోచంగా వాడండి.

ఇక బిరుదు. దశకుమారచరిత్రను తెలుగు చేసిన కేతనను 'అభినవదండి' అన్నారు. ఆ కావ్యాన్ని ఆయన ఎవరికి అంకితమిచ్చాడో ఆ తిక్కన 'కవిబ్రహ్మ'. కవిబ్రహ్మ కొడుకు తండ్రి పోయినంత మాత్రాన కవిబ్రహ్మ కాడు. మీ మిత్రురాలి మనసులో ఉన్నది ఈ జాతి బిరుదు. కాని రాజుల సంగతి వేరు. తూర్పు చాళుక్యులలో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు తరం మార్చి తరం తిరిగి వస్తూనే ఉన్నాయి, 'మూరురాయరగండ' అన్నది సంగమ వంశపు రాజుల నుంచి కృష్ణదేవరాయల దాకా వచ్చింది. కాబట్టి బిరుదు సంక్రమించడం మనకు తెలియని విషయం కాదు. బేరొనెట్ అన్నది 1611లో మొదటి జేమ్స్ రాజు స్థాపించిన హోదా. ఐర్లండులోని అల్‌స్టర్‌లో 30 మంది సైనికులను తలకు రోజుకు 8 పెన్నీల లెక్కన 3 ఏళ్లపాటు పోషించే ఖర్చు, అంటే 1,095 పౌండ్లు, చెల్లించగలిగిన కలవారి కుటుంబాలకు దానిని ఇచ్చారు. మొదటివాడు వెల పెట్టి పొందినదే తరువాతివారికి ఊరకే వస్తుంది. టిచ్‌బోర్న్ వారికి అది 1621లో దక్కింది. దానిని 'పారంపర్య బిరుదు' అనండి. 'ప్రభువు' అని మాత్రం రాయకండి, బేరొనెట్‌కు ప్రభువుల సభలో పీఠం లేదు. 'జమీందారు' అని రాసేవారు బిరుదుకూ భూమికీ తేడా చెరిపివేస్తున్నారు.

'దాయాది' మాట దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగవలసి ఉన్నది. 'దాయము' అంటే పంచుకోవలసిన, లేదా అందవలసిన, పిత్రార్జితం. దానిని పుచ్చుకునేవాడు 'దాయాదుడు'. అందుకే అమరసింహుడు 'దాయాదౌ సుతబాంధవౌ' అన్నాడు. కొడుకూ దాయాదుడే, బంధువూ దాయాదుడే. ఈ లెక్కన సర్ హెన్రీకి తమ్ముడు ఎడ్వర్డు దాయాది అవుతాడు, కొడుకే ఉండి ఉంటే వాడు మొదటి దాయాది అయ్యేవాడు. ఈ మాట తెలుగులోకి వచ్చాక మనవాళ్లు కొడుకును అందులోంచి తప్పించారు. పినతండ్రి పెదతండ్రుల పిల్లలను, వారి సంతతిని మాత్రం ఉంచారు. ఆస్తి పంచుకునేవాడు పక్కింట్లోనే ఉంటాడు గనుక ఆ మాటకు పగ అంటుకున్నది. 'దాయ' అనే రూపానికి నిఘంటువులు జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలూ పక్కపక్కనే ఇస్తాయి. 'జ్ఞాతిశ్చేదనలేన కిం' (జ్ఞాతి ఉంటే వేరే నిప్పెందుకు) అన్న భర్తృహరిని ఏనుగు లక్ష్మణకవి 'జ్ఞాతి హుతాశనుండు' అని తెలిగించినప్పుడు తెలుగు పాఠకుడికి వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. ఇప్పుడు భారత్, పాకిస్తాన్‌ల మధ్య క్రికెట్ ఆట ఉన్న ప్రతిసారీ పత్రికలు 'దాయాదుల పోరు' అని పెద్ద అక్షరాల్లో వేస్తున్నాయి. దేశం పంచుకున్నవారు గనుక ఆ వాడుక పూర్తిగా తప్పని అనలేను. కాని పుచ్చుకునేవాడు అనే అర్థం అందులో ఎవరికైనా వినబడుతున్నదా? పాచికలాటలో 'దాయం పడింది' అనే మాట కూడా ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను.

'వారసుడు' అరబ్బీ 'వారిస్' నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవాడు. 'వారసత్వం' అరబ్బీ మొదలు, సంస్కృతపు కొస ఉన్న మాట. 'విరాసత్' అనే రూపంలోని చివరి తకారం మన చెవికి 'త్వం'లా వినబడి ఉంటుందని నా ఊహ. కోర్టు కాగితాల్లో స్థిరపడిన ఈ మాటను వెళ్లగొట్టమని నేను అనను.

మీ మూడవ సందేహానికి జవాబు కేతన దగ్గరే దొరుకుతుంది. ఆంధ్రభాషాభూషణం రాసిన వ్యాకర్తగానే ఆయనను చాలామంది ఎరుగుదురు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు చేసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లో పెట్టినవాడూ ఆయనే. వ్యాకరణం చెప్పిన నోటితోనే పంపకాలు చెప్పిన కవి మరే భాషలోనైనా ఉన్నాడేమో గాని నాకు కేతన ఒక్కడు చాలు. ఆ మితాక్షరలో దాయానికి నిర్వచనం ఉంది: యజమానితో సంబంధం అనే ఒక్క కారణం చేత ఏ ధనం మరొకరి సొంతమవుతుందో అది దాయం. అది రెండు విధాలు. తండ్రి తాతల ధనం కొడుకుకు, మనుమడికి అడ్డులేకుండా చెందుతుంది. అది అప్రతిబంధ దాయం. కొడుకులు లేనివాడి ధనం తమ్ముడికో పినతండ్రికో చెందాలంటే యజమాని బతికి ఉండడం, అతనికి కొడుకు ఉండడం అడ్డు. ఆ అడ్డు తొలగితేనే అందుతుంది గనుక అది సప్రతిబంధ దాయం. ఇంత చక్కని విభాగం ఇంట్లో పెట్టుకుని 'ఊహాత్మక వారసుడు' అని రాయడం ఏమిటి? ఆ వారసుడిని ఎవరు ఊహిస్తున్నారు? ఎడ్వర్డు కళ్లెదుట ఉన్న మనిషే, అతని హక్కుకు అడ్డు పుట్టవచ్చునన్నదే సంగతి.

మీ టిచ్‌బోర్న్ వారి కథలో ఈ ప్రతిబంధం ఎన్ని వేషాలు వేసిందో చూడండి. ఎనిమిదవ బేరొనెట్ హెన్రీకి ఏడుగురు కూతుళ్లు. వారిలో ఎవరికీ బిరుదు రాదు, అది మగ సంతతికే. పేదలకు ఏటా మార్చి 25న పంచే పిండి దానం ఆపితే ఏడుగురు కొడుకుల తరం వెనుక ఏడుగురు కూతుళ్ల తరం వస్తుందని పూర్వం ఆ ఇంటి ఇల్లాలు శపించిందని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. తొమ్మిదవవాడు ఎడ్వర్డు అంతకు ముందే, 1826లో, ఒక బంధువు ఆస్తి కోసం డౌటీ అని ఇంటిపేరు మార్చుకున్నాడు. ఆస్తి ఇంటిపేరు మార్చమన్నది, బిరుదు మాత్రం ఆ పేరు అడగకుండా రక్తాన్ని చూసి వచ్చింది. ఎడ్వర్డు కొడుకు పసితనంలోనే పోవడంతో 1853లో అది మరో తమ్ముడు జేమ్స్‌కు వెళ్లింది. జేమ్స్ 1862లో పోయేనాటికి పెద్దకొడుకు రోజర్ 1854లో బెల్లా అనే ఓడతో పాటు సముద్రంలో పోయాడని తలచి, చిన్నవాడు ఆల్‌ఫ్రెడ్‌ను పదకొండవవాణ్ణి చేశారు. ఆల్‌ఫ్రెడ్ 1866 ఫిబ్రవరిలో పోయాడు, భార్య గర్భవతి. మే 28న మగపిల్లవాడు పుట్టి పన్నెండవ బేరొనెట్ అయ్యేదాకా బిరుదు కడుపులోని బిడ్డ కోసం కాచుకుని ఉన్నది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని వాగావాగా అనే ఊరి నుంచి మాంసం కొట్టు నడిపే ఒకడు తానే రోజర్‌నని బయలుదేరాడు. రోజర్ తల్లి వాణ్ణి కొడుకుగా ఒప్పుకున్నది కూడాను! వాడి మాటే నిజమైతే ఆల్‌ఫ్రెడ్ ఏనాడూ బేరొనెట్ కాడు, పసివాడికి ఏమీ లేదు. సివిల్ దావా 102 రోజులు, క్రిమినల్ విచారణ 188 రోజులు సాగి 1874లో వాడికి 14 ఏళ్ల శిక్ష పడింది. పసివాడూ వాడూ ఒకరికొకరు ఏ అర్థంలో దాయాదులో మీరే చెప్పండి.

ఒక హెచ్చరిక చెప్పి తీర్పు చెబుతాను. మితాక్షర మాటలను ఇంగ్లీషు బిరుదుకు అంటగట్టడంలో చిక్కు ఉంది: మన అప్రతిబంధ దాయంలో కొడుక్కు పుట్టుకతోనే హక్కు, అక్కడ తండ్రి బతికున్నంత కాలం కొడుక్కు ఏ హక్కూ లేదు, ఇక్కడ కొడుకులందరికీ భాగం, అక్కడ ఒక్కడికే. అయినా విభాగపు మూలం ఒకటే గనుక పండితులు చదివే వ్యాసంలో అప్రతిబంధ, సప్రతిబంధ పదాలను వివరణతో వాడవచ్చు. మామూలు పాఠకుడికి 'అడ్డులేని వారసుడు', 'అప్పటికి వరుసలో ఉన్న వారసుడు' అంటే చాలునేమో. 'దాయాది' అని తమ్ముణ్ణి అనడం శాస్త్రానికి సరి, చెవికి ఎబ్బెట్టు. 'తమ్ముడు' అనే మాట ఉండగా నేనైతే దానినే వాడతాను. మీ వాక్యం ఇలా ఉండవచ్చు: "1845లో సర్ హెన్రీ మగ సంతానం లేకుండా చనిపోగా బేరొనెట్ బిరుదు తమ్ముడు ఎడ్వర్డుకు సంక్రమించింది." ఆ తరువాత ఆయనను 'సర్ ఎడ్వర్డ్' అని గాని, పూర్తిగా 'సర్ ఎడ్వర్డ్ డౌటీ' అని గాని పిలవండి, 'సర్ డౌటీ' అనడం ఏ భాషలోనూ లేదు. ఆయన భార్యను మాత్రం ఇంటిపేరుతో 'లేడీ డౌటీ' అనాలి.