పాత సినిమా మీద రాసే ముందు

హన్మకొండ

బిడ్డా,

మాయాబజార్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. "ఆ కాలానికి ఇది అద్భుతం" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. నాలుగూ కొట్టెయ్. 1957లో తీసినవాళ్ళ మీద మనం జాలిపడాల్సిన పని లేదు. అద్భుతం ఎక్కడుందో చూపించు, చాలు.

"అహ నా పెళ్ళంట" పాటే తీసుకో. అక్కడున్నది శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గొంతులో సిగ్గులు పోతూ పోతూ ఉండగా మధ్యలో ఘంటసాల గొంతు దూసుకొస్తుంది. అప్పుడు సావిత్రి భుజాలు చూడు, నడక చూడు. చూస్తుండగానే మళ్ళీ ఆడపిల్లలా సర్దుకుంటుంది. ఇది విడమరిచి రాస్తే ఆమె గొప్ప నటి అని వేరే చెప్పక్కర్లేదు.

చిన్నప్పుడు చూసిన గుర్తు మీద మాత్రం రాయకు. నేనొకసారి సినిమాలో లేని వాన సీను రాసి పరువు పోగొట్టుకున్నాను. ఎవరో పాఠకుడు కార్డు ముక్క రాస్తే గానీ తెలియలేదు.

అంతకంటే పెద్ద తప్పు 'దాసి' దగ్గర చేశాను. బి.నర్సింగరావు 1988 సినిమా, 1920ల నాటి తెలంగాణ గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇంటి కథ. అర్చనకు జాతీయ అవార్డు తెచ్చింది. మా అమ్మమ్మ ఊళ్ళోనూ గడి ఉండేది. ఇంకేముంది, ఆ గోడలు, అమ్మమ్మ చెప్పిన వెట్టి ముచ్చట్లు రెండు పేజీలు నింపి పంపాను. పత్రికాయన "ఇందులో సినిమా ఏదమ్మా?" అన్నాడు. ఏడుపొచ్చింది. మళ్ళీ చూస్తే అర్థమైంది, ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. గడి బరువంతా ఆ నిశ్శబ్దంలోనే పెట్టారు. నేనేమో అందులో నా మాటలు కుక్కాను.

అదే సింగీతం శ్రీనివాసరావు 'పుష్పక విమానం' (1987) చూడు. అందులో అసలు మాటలే లేవు. కానీ అక్కడి మౌనం నవ్వించడానికి. చంపడానికి తెచ్చిన మంచు కత్తి చేతిలోనే కరిగిపోతుంటే, నోరు తెరిచి ఎవరేమన్నా ఆ నవ్వు చెడేది. రెండు సినిమాల్నీ ఒకే తూకపు రాళ్ళతో తూచకు.

'శివ' (1989) మీద రాసేవాళ్ళంతా హీరో సైకిల్ చైన్ లాగే సీను దగ్గరే ఆగిపోతారు. నువ్వు స్టెడీక్యామ్, అదే ఒంటికి తగిలించుకుని నడుస్తూ తీసే కెమెరా సంగతి పట్టుకో. మనిషి వెంట కెమెరా కుదుపు లేకుండా నడుస్తుంటే నీకెందుకు టెన్షన్ పెరిగిందో రాయి. 'కల్ట్' అన్న మాట దానంతట అదే అవసరం లేకుండా పోతుంది. (నాకా మాట పడదు. ఇప్పుడు నిన్న వచ్చిన సినిమాకూ అదే పేరు.)

కథంతా చెప్పకు. నచ్చనిది దాచకు.

దసరాకు వస్తావుగా. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు 'దాసి' పెట్టుకుందాం, ఫోన్లు పక్క గదిలో పెట్టి. ఇద్దరం తలా ఒక సీను రాసి, మార్చుకుని చదువుదాం. ఆ లోపు మాయాబజార్ తిరగరాసి తీసుకురా. ఆ "కాలానికి" మళ్ళీ కనబడిందో, సర్వపిండి పెట్టను.

మీ అత్తమ్మ