రెండు లక్షల ఫీజా, 21 లక్షల సీటీసీనా?

ప్రశ్న: మాది హిందూపురం. ఎండీ అనస్థీషియా చేసి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. వయసు 31. ఒక ఆసుపత్రి కన్సల్టెంటుగా నెలకు 2,00,000 ఫీజు ఇస్తానంటోంది, అందులో 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తారట. ఇంకో ఆసుపత్రి ఏడాదికి 21 లక్షల సీటీసీతో (ఉద్యోగి మీద యాజమాన్యం పెట్టే మొత్తం ఖర్చు) ఉద్యోగం ఇస్తోంది. యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ 75,000 పోను జీతం 20,25,000. ఏడాది, రెండేళ్లలో పిల్లలు కావాలనుకుంటున్నాం. ఏది మేలు?

జవాబు: డాక్టర్ గారూ, పిల్లల మాట చివర్లో రాశారు గానీ నా జవాబు దాన్నిబట్టే ఉంది. ఉద్యోగంలో చేరండి. పైకి చూస్తే ఇది నష్టంలా కనిపిస్తుంది, కాబట్టి లెక్క మొత్తం రాస్తున్నాను. ఇవన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరం రేట్లు, సెక్షన్లు, ఫారాలు; కొత్త పన్ను విధానం.

జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 19,50,000. పన్ను 1,90,000, సెస్సుతో 1,97,600. పీఎఫ్ మీ సొమ్మే, గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు పనిచేస్తే వస్తుంది; రెండూ కలుపుకుంటే ఏడాదికి మీకు దక్కేది 19,02,400.

ఫీజు సంగతికొస్తే, టీడీఎస్ కోశారని ఆ డబ్బు పోయినట్టు కాదు. సెక్షన్ 44ఏడీఏ కింద డాక్టర్లు ఏడాది ఫీజులో సగాన్ని ఆదాయంగా చూపొచ్చు. ఫీజు 50 లక్షలు దాటకూడదు. నగదు 5 శాతం లోపే ఉంటే 75 లక్షల దాకా ఫర్వాలేదు. 24 లక్షల ఫీజుకు ఆదాయం 12 లక్షలు. అంతవరకు 87ఏ రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి పన్ను సున్నా. కోసిన 2,40,000 రిటర్ను వేశాక వాపసు వస్తుంది. కానీ మీరు సరిగ్గా గీత మీద ఉన్నారు. ఎఫ్‌డీ వడ్డీ 20,000 వచ్చినా మార్జినల్ రిలీఫ్ (గీత కొద్దిగా దాటినవారికిచ్చే పన్ను తగ్గింపు) పోను 20,800 కట్టాలి. వడ్డీ మొత్తం పోగా మరో 800 చేతి నుంచి పడతాయి.

తేడా దాదాపు 5 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. ఫీజు రోజు లెక్కన అయితే ఏడాదిలో నెల సెలవుకు 2 లక్షలు పోతాయి. ఇండెమ్నిటీ పాలసీ (రోగి దావా వేస్తే ఆదుకునే బీమా), సొంత ఆరోగ్య బీమా, సీఏ ఖర్చు కలిపి 50,000 వేసుకోండి. మిగిలేది రెండున్నర లక్షలు.

ఇప్పుడు ప్రసూతి. 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలోకి వచ్చి, 2025 నవంబరు నుంచి సామాజిక భద్రత కోడ్‌లో ఉన్న నిబంధన మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల పూర్తి జీతం ఇవ్వమంటోంది. అందులో ప్రసవానికి ముందు తీసుకోగలిగేది 8 వారాలు. ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మీ జీతానికి అది 10 లక్షల పైమాట; పన్ను పోయినా 8 లక్షలకు తగ్గదు. కన్సల్టెంటుకు ఆ ఆరు నెలలూ రూపాయి రాదు. అంటే ఫీజులో మూడేళ్లు మిగిల్చింది ఒక్క కాన్పుతో సమానం.

అయితే ఒక జాగ్రత్త. ఉద్యోగమని పిలిచి, కాగితంలో మాత్రం ‘రిటైనర్’, ‘ప్రొఫెషనల్ ఫీ’ అని రాసే ఆసుపత్రులున్నాయి. సంతకానికి ముందే హెచ్ఆర్‌ను అడగండి: టీడీఎస్ జీతానికి వర్తించే 192 కిందా, ప్రొఫెషనల్ ఫీజుకు వర్తించే 194జే కిందా? యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల నంబరు) ఇస్తారా? ఏడాది చివర ఇచ్చేది జీతం టీడీఎస్‌కు ఇచ్చే ‘ఫారం 16’ అవుతుందా, ఫీజు టీడీఎస్‌కు ఇచ్చే ‘ఫారం 16ఏ’ అవుతుందా? 194జే, 16ఏ అన్నారంటే మీరు వాళ్ల లెక్కలో ఉద్యోగి కాదు, ప్రసూతి జీతమూ రాదంటారు. నియామక పత్రంలో ప్రసూతి సెలవు వాక్యం కళ్లతో చూసి సంతకం పెట్టండి.

పిల్లలు కాస్త ఎదిగాక కన్సల్టెంటుగా మారడం మంచిదే. అప్పుడు 2,00,000 అన్నది మినిమమ్ గ్యారంటీనా, ఎన్ని నెలలు అని తేల్చుకోండి. ఆ గడువు అయ్యాక కేసుకింత అని మారిస్తే, టీపీఏ (బీమా కంపెనీ తరఫున బిల్లులు చూసే సంస్థ) కోసిన బిల్లుల్లో మీ వాటా కూడా కోస్తారేమో ఒప్పందంలో చదవండి. మూడు నెలలకోసారి 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను చూపే పత్రం) టీడీఎస్ జమ అయిందో లేదో చూసుకోండి. ఆసుపత్రి కట్టకపోతే మీ వాపసు ఆగుతుంది. డాక్టర్ల వైద్య సేవకు జీఎస్టీ లేదు, ఆ భయం వద్దు.

ఇండెమ్నిటీ ఆసుపత్రి పేరు మీద ఉంటే సరిపోదు, మీ పేరు మీదే తీసుకోండి. ఈ పాలసీలు ఎక్కువగా దావా వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పలుకుతాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రోగికి రెండేళ్ల గడువుంది. కాబట్టి ఆసుపత్రి మారినా, ఇంట్లో ఉన్నా రెన్యువల్ ఆపొద్దు.

ఇంకొకటి, ఇల్లు కొనే ఆలోచన ఉంటే లోన్ జీతంలో ఉండగానే తీసుకోండి. 44ఏడీఏ రిటర్నులో మీ ఆదాయం 12 లక్షలే కనిపిస్తుంది. బ్యాంకు మామూలుగా చూసేది ఆ అంకెనే.